నానీ, రాగి బిందె జోలికి పోకు

చిరంజీవి నానికి అత్త ఆశీస్సులు.

అక్వేరియం తొట్టిలో పెంచడానికి ఆ చిట్టి ఎర్ర సులవేసి కార్డినల్ రొయ్యలు తెప్పిస్తున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. నా తొట్టి ముందు గంటలకొద్దీ కూర్చున్న పిల్లాడు ఇంత సున్నితమైన జీవాన్ని పెంచుతానంటుంటే గర్వంగానూ ఉంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. స్పాంజ్ ఫిల్టర్ పెట్టు, చేపలు వేయకు. నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలు, పీహెచ్ 8 దగ్గర ఉండాలి. రెండు మూడు నెలలు ఏ జీవీ లేకుండా తొట్టిని నీళ్లతో నడిపి, రాళ్లకి పాకుడు పట్టాకే రొయ్యలు తెచ్చుకో. వాటి తిండి అదే.

నా మొదటి చెర్రీ రొయ్యలు నీకు గుర్తుండవు, అప్పటికి నువ్వు పుట్టలేదు. నలభై దాటాయి. నాలుగు తల్లులు పొట్ట కింద గుడ్లతో తిరిగేవి. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవాలని మీ నానమ్మ రాగి బిందెలో పట్టి రెండు రాత్రులు నిలవ ఉంచాను. చింతపండుతో తళతళా తోమిన బిందె. మనుషులకి మంచివైన నీళ్లు రొయ్యలకి చెడ్డవవుతాయా అనుకున్నాను. ఆ నీళ్లతోనే సగం తొట్టి మార్చాను. సాయంత్రానికి తిండి మానేసి, గిర్రున తిరుగుతూ అద్దానికి కొట్టుకున్నాయి. తెల్లారేసరికి చాలావరకు పక్కకి ఒరిగి, ఉడికినట్టు తెల్లబడ్డాయి. ఒక తల్లి మాత్రం పొట్ట కింది కాళ్లు ఆడిస్తూ గుడ్లకి ఇంకా నీళ్లు విసురుతోంది. మధ్యాహ్నానికి ఆ కాళ్లూ ఆగిపోయాయి. రొయ్య రక్తంలోనే రాగి ఉంటుందిరా. అయినా నీళ్లలో రవ్వంత ఎక్కువైతే తట్టుకోలేదు. ఆ ఉసురు నాదే.

అందుకే చేపల మందైనా, మొక్కల ఎరువైనా సీసా మీద రాగి ఉందేమో చదవకుండా చుక్క కూడా వేయకు. నీ గదిలో దోమల లిక్విడ్ కూడా తీసేయ్, ఆ మందూ రొయ్యలకి విషమే. ఎన్నిసార్లు చెప్పినా వినవు! దోమతెర నేను కొనిపెడతాను.

ఇంకో మాట. నీ కార్డినల్ రొయ్యలు ఇండోనేషియాలో మటానో అనే సరస్సువి. మనవాళ్లు ముచ్చటపడి పెంచే ఫ్లవర్‌హార్న్ చేపలు అక్కడికీ చేరి, ఆ నీళ్లలో పుట్టిన జీవాలకి ఎసరు పెట్టాయి. సరస్సులో పట్టినవి వద్దు, తొట్లలో పుట్టి పెరిగినవే అడిగి తీసుకో. ఒకటి పోయినా రాత్రంతా ఒక్కడివే కూర్చుని బాధపడకు, ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్.

ఆదివారం రా. నా ఫిల్టర్‌లో చాన్నాళ్లుగా ఉండి మంచి బ్యాక్టీరియా పట్టిన స్పాంజ్ ఒకటి ఇస్తాను, దాంతో నీ తొట్టి త్వరగా కుదురుకుంటుంది. ఆరిపోకుండా తీసుకెళ్లాలి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చుకో.

మీ అత్త