కీళ్లవాతానికి యాంటీఆక్సిడెంట్ మాత్రలు చాలా?

ప్రశ్న: రెండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి (రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడిచేసే కీళ్లవాతం) వారానికోసారి మిథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. ఈ జబ్బుకి మూలం ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు శరీరం అదుపు దాటి పెరగడం) అనీ, విటమిన్ ఇ, సెలీనియం వాడితే తగ్గుతుందనీ అంటున్నారు. మిథోట్రెక్సేట్ ఆపి అవి మొదలుపెట్టవచ్చా?

జవాబు: ఆపకండి. మీరు విన్నదాంట్లో సగమే నిజం. వాచిన కీలులోకి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా చేరి సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్‌ని విడుదల చేస్తాయి. అది సూక్ష్మజీవుల్ని చంపే ఆయుధం. ఇక్కడ సూక్ష్మజీవులు లేవు కాబట్టి దెబ్బ కీలుకే తగులుతుంది. కీలుద్రవానికి జిగట ఇచ్చే హైలురోనిక్ ఆమ్లం గొలుసులు తెగి, ద్రవం పలచబడుతుంది. పైగా వాచిన కీలు వంచినప్పుడు లోపలి ఒత్తిడికి సన్న రక్తనాళాలు నొక్కుకుపోతాయి. వదలగానే రక్తం తిరిగొస్తుంది. ఆ రాకపోకల్లోనూ ఫ్రీ రాడికల్స్ పుడతాయి. (అలాగని కదపడం మానేస్తే కీలు బిగుసుకుపోతుంది.)

శరీరానికి సొంత కాపలా ఉంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ ఆ సూపరాక్సైడ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లు దాన్ని నీరుగా మారుస్తాయి. ఈ రెండో మెట్టు వెనకబడితే పెరాక్సైడ్ ఇనుముతో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది అదే.

గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ పనికి సెలీనియం కావాలి, నిజమే. పెద్దవాళ్లకి రోజుకి 55 మైక్రోగ్రాములు చాలు. లోటు లేనివారు ఎక్కువ వేసుకున్నా ఎంజైమ్ పెరగదు. రోజూ 400 దాటితే జుట్టు ఊడుతుంది, గోళ్లు పెళుసవుతాయి. విటమిన్ ఇ 600 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 12 వారాలు ఇచ్చి చూసిన పరీక్షలో నొప్పి కొంత తగ్గింది. వాపు, పొద్దుటి బిగుతు తగ్గలేదు. రోజుకి 1,000 దాటకూడదన్న పరిమితికి అది మించిన మోతాదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి రక్తస్రావం ప్రమాదం కూడా.

ఇంకో చిక్కు. సూపరాక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ బలహీనంగా ఉన్న ఎలుకల్లో కీళ్లజబ్బు తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. అంటే ఈ రాడికల్స్ రోగనిరోధక వ్యవస్థకి కళ్లెం కూడా వేస్తున్నాయి. వాటిని మొత్తంగా తుడిచేయాలనుకోవడం తెలివైన పని కాదు. వాటిని పుట్టించే వాపుని అణచాలి. మిథోట్రెక్సేట్ చేసేది అదే. దాంతో ఇచ్చే ఫోలిక్ ఆమ్లం నోటిపూత, వికారం రాకుండా చూడటానికి, యాంటీఆక్సిడెంట్‌గా కాదు. పొగతాగే అలవాటుంటే మాత్రల కన్నా ముందు అది మానండి.

ప్రశ్న: రక్తంలో మాలోన్‌డైఆల్డిహైడ్ పరీక్ష చేయించుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. కొవ్వులు ఆక్సీకరణ చెందితే అది పెరుగుతుంది, కానీ దాన్నిబట్టి మందు మార్చరు. వాపు తీవ్రత చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, వాచిన కీళ్ల లెక్క చూసి మారుస్తారు.