టీఎంపీ నిండిందని క్రాన్‌లో ఆర్ఎం పెట్టకండి

డెబియన్ 12 (లినక్స్) సర్వర్‌లో /టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్) నిండిపోతోంది, రోజూ రాత్రి క్రాన్‌తో (వేళకు పనులు నడిపేది) ఆర్ఎం -ఆర్ఎఫ్ /టీఎంపీ/* (అందులోవి చెరిపే కమాండ్) కొట్టించొచ్చా అని కదా అడిగారు. వద్దండీ.

వెబ్ సర్వర్ అపాచీకి తన సొంత టీఎంపీ ఉంటుంది. అది /టీఎంపీలోనే సిస్టమ్‌డీ-ప్రైవేట్ అని మొదలయ్యే ఫోల్డర్‌లో ఉంటుంది. మీ ఆర్ఎం దాన్నీ ఊడ్చేస్తుంది. అయినా అపాచీ ఆగదు, పేజీలూ వస్తూనే ఉంటాయి. పీహెచ్‌పీ అప్‌లోడ్‌లు మాత్రం ఫెయిలవుతాయి. పొద్దున్నే అందరూ పర్మిషన్లనీ, డిస్క్‌నీ, పాపం ఆ పీహెచ్‌పీనీ అనుమానిస్తారు. అపాచీని రీస్టార్ట్ చేస్తే తప్ప ఆ ఫోల్డర్ తిరిగి రాదు. టీమక్స్ (టెర్మినల్ సెషన్లను నిలిపి ఉంచే ప్రోగ్రామ్) సాకెట్, అంటే సెషన్‌కి తిరిగి కలవడానికి వాడే ఫైల్, కూడా పోతుంది. టీమక్స్ సర్వర్ ప్రాసెస్‌కి యూఎస్ఆర్1 సిగ్నల్ పంపితే అది మళ్లీ పుడుతుంది.

ఫైండ్ -ఎంటైమ్ +7 -డిలీట్ (వారానికి పైగా మారని ఫైళ్లను చెరిపే కమాండ్) నయం అంటారు కొందరు. కానీ టార్ (ఫైళ్ల మూట) విప్పినప్పుడు ఫైళ్లకు పాత తేదీలే వస్తాయి. సాయంత్రం విప్పిన 2019 నాటి సోర్స్ రాత్రికల్లా బిల్డ్ మధ్యలోనే మాయం. డెబియన్‌లో ముందే ఉన్న సిస్టమ్‌డీ-టీఎంపీఫైల్స్ అనే శుభ్రం చేసే టూల్ ఎంటైమ్‌తో (ఫైల్ మారిన సమయం) పాటు ఏటైమ్ (చదివిన సమయం), సీటైమ్ (ఫైల్ వివరాలు మారిన సమయం) కూడా చూస్తుంది. సీటైమ్‌ని టార్ వెనక్కి తిప్పలేదు కాబట్టి ఆ ఫైళ్లు బతుకుతాయి.

డెబియన్ 12లో /టీఎంపీ బూట్ అయినప్పుడే ఖాళీ అవుతుంది. సర్వర్‌ని ఏళ్ల తరబడి రీబూట్ చేయకపోవడం మనవాళ్లకి గొప్ప, అందుకే పేరుకుంటోంది. /యూఎస్ఆర్/లిబ్/టీఎంపీఫైల్స్.డీలోని టీఎంపీ.కాన్ఫ్‌ని అదే పేరుతో /ఈటీసీ/టీఎంపీఫైల్స్.డీలోకి కాపీ చేసి, /టీఎంపీ లైన్ చివరి గీత స్థానంలో 10డీ (పది రోజులు) పెట్టండి. కొత్తగా ఒక్క లైన్ ఫైల్ రాసి ఆ పేరు పెట్టకండి, అసలు ఫైల్‌లోని మిగతా లైన్లన్నీ చెల్లకుండా పోతాయి. /టీఎంపీ లైన్‌లోని 1777ని (పర్మిషన్ల అంకె) 777 చేయకండి, ఆ ముందున్న 1 పోతే ఎవరి ఫైల్ ఎవరైనా చెరిపేయొచ్చు. ముట్టుకోకూడని ఫోల్డర్ ఉంటే చిన్న ఎక్స్‌తో (x) మొదలయ్యే ఒక లైన్ చేర్చండి. ఈ టూల్‌ని నడిపే టైమర్ ముందే నడుస్తోంది: బూట్ అయిన 15 నిమిషాలకు, తర్వాత రోజుకోసారి.

ఏవి పోతాయో చెరపకుండానే చూపే డ్రై-రన్ సిస్టమ్‌డీ 256లో వచ్చింది, మీదగ్గరున్నది 252. అందుకని ముందు ఫైండ్‌కి -ఎక్స్‌డెవ్, -ఏటైమ్ +10, -ఎంటైమ్ +10, -సీటైమ్ +10 ఇచ్చి, డిలీట్ లేకుండా లిస్ట్ చూసుకోండి.

ఇంత చేసినా డీఎఫ్‌లో (డిస్క్ జాగా చూపే కమాండ్) జాగా పెరగకపోతే ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 కొట్టండి. చెరిపేసిన ఫైల్‌ని ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది. దాన్ని రీస్టార్ట్ చేస్తేనే జాగా వస్తుంది.