సెలవు రోజు ఎక్కడికి?

ప్రశ్న: మాది రావులపాలెం. పిల్లలకు ఆదివారం ఏదైనా వింత చూపించాలని ఉంది. దగ్గర్లో ఏముందండీ, అన్నీ చూసిన ఊళ్లే కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: చూసిన ఊళ్లా, బస్సు కిటికీలోంచి చూసిన ఊళ్లా తల్లీ? ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వచ్చేయడం కాదు, రేకు తీసేచోట కాసేపు నిలబడండి. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరుస్తారు, తీస్తారు. అంతే, ఉల్లిపొర లాంటి రేకు లేచి వస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా ఓటు బెల్లానికే, పంచదార రేకులు చుట్టాలకు పెట్టండి.

అదే మండలంలో ర్యాలి. గుడిలో ఒకే శిల: ముందు విష్ణువు, వెనక మోహిని. వెనక్కి వెళ్లి జడముడి చూడటం మరవకండి.

ఓపిక ఉంటే పి.గన్నవరం వెళ్లండి. అక్కడ వైనతేయ నదికి పైన కాలువ పారుతుంది! 1850లలో కట్టిన పాత అక్విడక్టు (కాలువను నది దాటించే వంతెన) పక్కనే 2000లో కట్టిన కొత్తది ఉంది. కింద నీళ్లు, పైన నీళ్లు ఎలాగని పిల్లలు అడుగుతారు, ముందే జవాబు సిద్ధం చేసుకోండి. బయలుదేరడం మాత్రం పొద్దున్నే. మధ్యాహ్నం గుడి తలుపులు వేసేస్తారు.