హాలీ సిక్కా సంగతి సరే, గదులు అమ్మారని మీకెప్పుడు తెలిసింది?

ప్రశ్న: మాది కర్నూలు. 1949లో మా తాత పాతబస్తీలోని ఇంటిని అలంపురం వ్యాపారికి 2,100 హాలీ సిక్కా (నిజాం రాజ్యపు డబ్బు) రూపాయలకు స్వాధీన తనఖా పెట్టారు, అంటే ఇల్లు వ్యాపారి చేతికే ఇచ్చేశారు. అద్దె మొత్తం వడ్డీకి చెల్లు, గడువు లేదు. తాత ఆ దిగులుతోనే పోయారు. నాన్న బతికినన్నాళ్లూ ఆ వీధి తొక్కలేదు. ఇప్పుడు విడిపించుకుంటామంటే వ్యాపారి మనవలు ‘హాలీ సిక్కాలే తెచ్చి కట్టండి’ అని ఎగతాళి చేస్తున్నారు. మధ్యలో వీధివైపు గదులు తమ సొంతమని చెప్పి అమ్మేశారు కూడా. ఆ సంగతి మాకు మొన్ననే తెలిసిందని దావాలో రాద్దామని డాక్యుమెంట్ రైటర్ అంటున్నాడు. ఎంత కట్టాలి? రాజధాని రోజుల్లో వాళ్లు తిన్న అద్దెలు అసలులో తగ్గవా? పత్రం ఫొటో, ఇంట్లో దొరికిన పది రూపాయల హాలీ నోటు ఫొటో పంపుతున్నాను.

జవాబు: తాతగారి దిగులు గురించి అంత రాసి, గదులు అమ్మిన సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. కేసు నిలిచేదీ పోయేదీ ఆ ముక్క మీదే.

ముందు డబ్బు లెక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువొస్తే 1918లో నిజాం ప్రభుత్వం కాగితం నోట్లు వేసింది. తుంగభద్రకు అవతల అలంపురం వైపు ఆ డబ్బు, ఇవతల కర్నూలులో బ్రిటిషు రూపాయి. అలంపురం ఆసామి ఇచ్చిన అప్పు హాలీలో ఉండడంలో వింతేమీ లేదు. 1950లో భారత రూపాయి అక్కడా చెలామణిలోకి వచ్చినప్పుడు 7 హాలీ రూపాయలకు 6 రూపాయలు లెక్క కట్టారు. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది. నాణెం రద్దయితే అప్పు రద్దు కాదు, ఇల్లు వాళ్లదీ అయిపోదు. ఆ లెక్కన మీ 2,100 అంటే 1,800 రూపాయలు. పాత నోట్లు కొని వాళ్ల ముఖాన కొట్టాలనుకుంటే సేకరణ చేసేవాళ్లు ముఖవిలువకు ఎన్నో రెట్లు అడుగుతారు. మీ పది నోటు దాచుకోండి, కేసుకు పనికిరాదు.

1953 అక్టోబరు నుంచి మూడేళ్లు కర్నూలు రాజధాని. ఇళ్లు చాలక ఆఫీసులు డేరాల్లో నడిచిన కాలం కాబట్టి వ్యాపారికి మంచి అద్దెలే వచ్చుంటాయి. అయినా అసలులో తగ్గవు. అద్దె మొత్తం వడ్డీకి చెల్లని మీ తాతే ఒప్పుకున్నారు.

ఇక కాలపరిమితి. ఇలాంటి తనఖాలో 30 ఏళ్లు దాటినంత మాత్రాన విడిపించుకునే హక్కు పోదని సుప్రీంకోర్టు 2014లో సింగ్ రామ్ కేసులో తేల్చింది. అమ్మని భాగానికి మీకు ఆ రక్షణ ఉంది. ఇంటిపన్ను రసీదు వాళ్ల పేరు మీద ఉన్నా తనఖాదారు యజమాని కాడు. అమ్మిన గదుల దారి వేరు. లిమిటేషన్ చట్టం 61(బి) అధికరణం ప్రకారం, తనఖాదారు సొమ్ము తీసుకుని అమ్మిన ఆస్తికి, అమ్మకం మీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లే గడువు. ‘మీకు’ అంటే మీ నాన్నగారు కూడా. హక్కు ఆయన నుంచి వచ్చింది గనుక ఆయనకు ముందే తెలిసుంటే గడియారం అప్పుడే మొదలైనట్టు. ఆయన ఎప్పుడు పోయారో, ఆయనకు ఏం తెలుసో మీరు ఒక్క ముక్క రాయలేదు.

‘మొన్ననే తెలిసింది’ అని మాత్రం రాయకండి. మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడో ఈసీకి (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రానికి) పెట్టిన దరఖాస్తు, ఫోన్‌లో పంపిన ఒక్క మెసేజ్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే చాలు. గదులు పోవడంతో ఆగదు, మీ మాట మీదే కోర్టుకు నమ్మకం పోయి మిగతా ఇంటికీ ముప్పు. అబద్ధపు ప్రమాణం నేరం కూడా. ఆ రైటర్‌కు ఏం పోయింది, బోనులో నిలబడేది మీరు.

ఇంకో మాట. ఇల్లు పోతోందని టెన్షన్ పడే మనిషి పత్రం మొదటి పేజీ ఒక్కటే ఫొటో తీసి పంపుతారా? రెండో పేజీలో ‘ఫలానా గడువులో కట్టకపోతే క్రయమైనట్టే’ అని ఉంటే పై జవాబంతా మారిపోతుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తనఖా పత్రం, గదుల అమ్మకం పత్రం రెండింటికీ సర్టిఫైడ్ కాపీలు, 1949 నుంచి ఈసీ తీయండి. అసలు తనఖా పత్రం వాళ్ల దగ్గరే ఉండాలి. దాన్ని చూపమంటూ, 1,800 కడతామంటూ వారసులకూ, గదులు కొన్నవారికీ లాయరు నోటీసు ఇప్పించండి. కాదంటే ఆ సొమ్ము కోర్టులో డిపాజిట్ చేసి విడుదల దావా వేయండి. తాతగారి వారసులందరూ, మేనత్తల పిల్లలతో సహా, అందులో ఉండాలి. వాళ్లతో సంతకాలకే నెలలు పడతాయి, అమ్మకం పత్రం మీద తేదీ చూశాక ఆ పని ఆపకండి.