ఇంగ్లీషు రాని అమ్మకు ‘కమ్ ఫ్రమ్ అవే’ చూపించవచ్చా?

ఇంగ్లీషు అంతగా రాని మీ అమ్మగారికి ‘కమ్ ఫ్రమ్ అవే’ అనే ఇంగ్లీషు సంగీత నాటకం అర్థమవుతుందా అని అడిగారు. నిస్సంకోచంగా చూపించండి. 2019లో మా అమ్మను న్యూయార్క్‌లోని జెరాల్డ్ షోన్‌ఫెల్డ్ థియేటర్‌కు తీసుకువెళ్లాను. ఆమె చదివింది ఏడో తరగతి, అదీ తెలుగులోనే.

ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర జరిగిన కథంతా చెప్పాను. 2001 సెప్టెంబరు 11న ఉగ్రవాద దాడుల తర్వాత అమెరికా తన గగనతలాన్ని మూసివేయడంతో దారిలో ఉన్న 38 విమానాలు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో గ్యాండర్ అనే చిన్న ఊళ్లో దిగాయి. ఊరి జనాభా పదివేల లోపు. దిగినవాళ్లు దాదాపు 7,000 మంది. అమ్మ వెంటనే, “అంతమందికి వంట ఎవరు చేశారు?” అంది. నాటకంలో సగం ఆ ప్రశ్నకు జవాబే. ఇంటింటి నుంచీ వంటకాలు వచ్చిపడ్డాయి. అవి పాడవకుండా ఊళ్లో ఐస్ హాకీ ఆడే మంచు మైదానాన్నే (రింకు) ఫ్రిజ్‌గా వాడుకున్నారు. సమ్మెలో ఉన్న బస్సు డ్రైవర్లు సమ్మెను పక్కనపెట్టి వచ్చారు.

ఇంకొకటి కూడా ముందే చెప్పండి. నటులు పన్నెండు మందే. ఊరివాళ్లూ వాళ్లే, ప్రయాణికులూ వాళ్లే. టోపీయో కోటో మారిస్తే మనిషి మారిపోతాడు. నాలుగు కుర్చీలు వరుసగా వేస్తే విమానం, అటు తిప్పితే బస్సు. ఇది చెప్పడం మరిచిపోయినందుకు మా అమ్మ మొదటి పావుగంట తికమకపడింది.

భాష గురించి మీ బెంగ తీర్చే ఘట్టం ఒకటుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక కుటుంబం చీకట్లో బస్సు దిగడానికి భయపడుతుంది. ఇంగ్లీషు రాదు. ఆ కుటుంబంలోని స్త్రీ చేతిలో బైబిల్ ఉంది. డ్రైవరు ఆ భాష చదవలేడు, కానీ అధ్యాయాల అంకెలు ఏ భాషలోనైనా అవే కదా! ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం ఆరో వచనం వెతికి వేలుపెట్టి చూపిస్తాడు. దేనికీ చింతపడవద్దనే మాట అది. అక్కడ అమ్మ నా మణికట్టు పట్టుకుంది. నేను ఒక్క మాటా అనువదించలేదు.

అందరూ మంచివాళ్లేనని చెప్పి ఈ నాటకం తప్పించుకోదు. అందుకే నాకు దీనిమీద అంత గౌరవం. ముస్లిం ప్రయాణికుడిని తోటివాళ్లే అనుమానంగా చూస్తారు. విమానం ఎక్కేముందు అతనికి జరిగిన తనిఖీ అవమానకరం. కొడుకు న్యూయార్క్‌లో అగ్నిమాపక సిబ్బంది అయిన ఒక తల్లి ఫోను కోసం పడే తపన మాత్రం అమ్మగారిని ఏడిపిస్తుంది, సిద్ధంగా ఉండండి.

న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో 2022 అక్టోబరులో ప్రదర్శనలు ముగిశాయి. 2021లో అదే వేదికపై చిత్రీకరించిన రూపం యాపిల్ టీవీ ప్లస్‌లో వచ్చింది. నాటకంలో విరామం లేదు, దాదాపు వంద నిమిషాలు. ఇంట్లో అయితే మధ్యలో ఆపి చెప్పుకోవచ్చు. చివర్లో మాత్రం తొందరపడి కట్టేయకండి. నటులు నమస్కరించాక వాద్యకారులు ముందుకొచ్చి ఫిడేలు, డప్పులాంటి బోధ్రాన్ వాయిస్తారు. మా అమ్మ దానికి నిలబడి తాళం వేసింది.