వాతావరణ విధానాల మీద మాటామాటా పెరగకుండా ఎలా విభేదించాలి?

సోలార్ ప్లాంటుకు భూములివ్వాలా వద్దా అన్న చర్చ తమ ఊళ్లో ప్రతిసారీ తిట్లతోనే ఎందుకు ముగుస్తోందని, చర్చ నడిపేవారు ఏం చేయాలని కర్నూలు నుంచి ఒకరు అడిగారు.

రెండు వేర్వేరు తగాదాలను ఒకటిగా కలిపేయడమే అసలు చిక్కని నా అభిప్రాయం. మనుషుల చర్యల వల్ల భూమి వేడెక్కిందన్నది నిస్సందేహమని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదిక తేల్చింది. దాన్ని చేతులెత్తించి నిర్ణయించనక్కరలేదు. అందుకు ఏం చేయాలి, ఆ భారం ఎవరు మోయాలి అన్నచోట మాత్రం భిన్నాభిప్రాయం ఉండటం సహజం, అవసరం కూడా.

కర్నూలు ప్రాంతంలోని గని, శకునాల అనే గ్రామాల వద్ద 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సోలార్ పార్కునే తీసుకోండి. బొగ్గు కాల్చకుండా అంత కరెంటు రావడం గొప్ప మేలని ఒకరంటారు. ఇలాంటి పార్కుకు కంచె వేశాక గొర్రెలను ఎటు తోలుకెళ్లాలి, పరిహారం పట్టాదారుకు అందితే అదే చేలో శనగకాయలు పీకి బతికే కూలీకి ఏం మిగులుతుందని ఇంకొకరు అడుగుతారు. ఈ రెండోవారు వాతావరణ మార్పును కాదనలేదు. అయినా ఆయనను అభివృద్ధి నిరోధకుడనగానే సభ చెడుతుంది.

కాబట్టి చర్చ నడిపేవారు ఆపవలసింది ఆ ముద్రను, ఆ ప్రశ్నను కాదు. జవాబిచ్చేవారు ముందుగా అవతలివారి మాటను తమ మాటల్లో తిరిగి చెప్పి, “అవును, నేనన్నది ఇదే” అని వారిచేత అనిపించుకున్నాకే తమ వాదన మొదలుపెట్టాలన్న నియమాన్ని, పెద్దరైతుకైనా కూలీకైనా ఒకేలా అమలు చేయాలి.