జీనోమ్ సీక్వెన్సింగ్‌లో కెరీర్: ల్యాబా, కంప్యూటరా?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచి కండరాల బలహీనత ఉంది. ఎన్నో పరీక్షల తర్వాత జీనోమ్ సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ మొత్తాన్ని చదివే పరీక్ష) చేయిస్తే, రిపోర్టులో ఒక జన్యువులో ‘అర్థం తేలని మార్పు’ ఉందని వచ్చింది. జబ్బుల కారణాలు కనిపెట్టే ఈ రంగంలోకే వెళ్లాలని నిర్ణయించుకున్నాను. ల్యాబ్ వైపు వెళ్లాలా, బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం) తీసుకోవాలా? లెక్కలంటే నాకు భయం.

జవాబు: రిపోర్టులో మీకు నిరాశ కలిగించిన ఆ మాటతోనే మొదలుపెడతాను. మెషిన్ తన పని చేసేసింది, డీఎన్‌ఏలోని అక్షరాలను (ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయనాల వరుసను) దాదాపు అన్నీ చదివింది. ఆ ఒక్క మార్పు జబ్బు తెస్తుందో లేదో చెప్పడానికి సరిపడా ఆధారాలు ఇంకా ఎవరి దగ్గరా లేవు. మీరు చేయాలనుకుంటున్న ఉద్యోగం ఆ ఆధారాలను పోగుచేయడమే.

మొదటి మానవ జీనోమ్ ప్రాజెక్టు 1990లో మొదలై 2003లో ముగిసింది. అప్పటికీ దాదాపు 8 శాతం మిగిలిపోయింది. అదీ పూర్తయిందని శాస్త్రవేత్తలు ప్రకటించింది 2022లో. ఇప్పుడు ఒక మనిషి జీనోమ్‌ను కొద్ది రోజుల్లోనే చదివేస్తున్నారు. అర్థం చెప్పే పని మాత్రం అంత వేగం అందుకోలేదు.

ఎందుకో చూడండి. మన జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ప్రామాణిక జీనోమ్‌తో పోలిస్తే ప్రతి మనిషిలోనూ 40 నుంచి 50 లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. దాదాపు అన్నీ హాని లేనివే. జబ్బుకు కారణమైన ఒకటి రెండింటిని వాటిలోంచి ఏరాలి. అందుకే వీలైతే తల్లిదండ్రుల జీనోమ్‌నూ చదువుతారు. వాళ్లలో లేకుండా బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పులు సాధారణంగా వందలోపే ఉంటాయి. ఆ తర్వాత లక్షల మంది జన్యు వివరాలున్న డేటాబేస్‌లలో వెతుకుతారు. చాలామంది ఆరోగ్యవంతుల్లో ఉన్న మార్పు అరుదైన జబ్బుకు కారణం కావడం కష్టం. ఈ డేటాబేస్‌లలో యూరప్ మూలాలున్నవాళ్ల డేటాయే ఎక్కువ. మిగతా జనాభాలకు ‘అర్థం తేలలేదు’ అనే జవాబు ఎక్కువగా రావడానికి అదొక కారణం. నన్ను చాలా బాధపెట్టే విషయం ఇది. మీ తరం సరిచేయగల లోటు కూడా.

అక్కడితో పని అయిపోదు. ఆ మార్పు ప్రోటీన్‌ను ఎలా దెబ్బతీస్తుందో కణాల్లో, జీబ్రాఫిష్ అనే చిన్న చేప లాంటి జీవుల్లో ప్రయోగం చేసి చూడాలి. అంటే డీఎన్‌ఏ సిద్ధం చేయడం ల్యాబ్ పని, ఏరడం కంప్యూటర్ పని, రుజువు చేయడం మళ్లీ ల్యాబ్ పని. ఒకదాంట్లో లోతుగా దిగండి, రెండో దాని భాష అర్థమయ్యేలా నేర్చుకోండి. ల్యాబ్ తెలియని విశ్లేషకుడు మెషిన్ చేసిన తప్పును కొత్త జన్యుమార్పు అనుకుని మోసపోతాడు.

ఫలానా మెషిన్ నేర్పిస్తామనే కోర్సులకు మాత్రం తొందరపడి చేరకండి. మెషిన్లు మారిపోతాయి, సూత్రం నిలుస్తుంది. ఉదాహరణకు, షార్ట్ రీడ్ పద్ధతి డీఎన్‌ఏను 150 అక్షరాల చొప్పున చిన్న ముక్కలుగా చదువుతుంది. మయోటానిక్ డిస్ట్రోఫీ టైప్ 1 అనే కండరాల జబ్బులో మూడు అక్షరాలే మళ్లీ మళ్లీ వస్తూ వందల, వేలసార్లు పెరిగిపోతాయి. అంత పొడవును చిన్న ముక్కలతో కొలవడం కష్టం. వేల అక్షరాలను ఒకేసారి చదివే లాంగ్ రీడ్ పద్ధతి అక్కడ పనికొస్తుంది. ఏ జబ్బును ఏ పద్ధతి పట్టుకోలేదో చెప్పగలిగినవాళ్లకు ఎప్పుడూ విలువ ఉంటుంది.

ఇక లెక్కలు. మీకు ప్రధానంగా కావాల్సింది సంభావ్యత, గణాంకశాస్త్రం. జబ్బు డేటాతో కలిపి నేర్చుకుంటే భయం చాలావరకు తగ్గుతుంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ లేదా ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టండి. ఈ సెలవుల్లో ఒక పని చేసి చూడండి. క్లిన్‌వార్ అనే ఉచిత డేటాబేస్‌లో కండరాలకు అవసరమైన ప్రోటీన్‌ను తయారుచేసే డిస్ట్రోఫిన్ జన్యువు (DMD) తెరిచి, ఒక మార్పును ఎందుకు వ్యాధికారకం అన్నారో, మరోదాన్ని ఎందుకు తేల్చలేదో ఆధారాలు చదవండి. గంటలు తెలియకుండా గడిచిపోతే విశ్లేషణ మీకు నప్పుతుంది. ప్రయోగం చేసి తేల్చేయాలనిపిస్తే ల్యాబ్ ఎంచుకోండి. కుటుంబాలతో కూర్చుని వివరించాలనిపిస్తే జెనెటిక్ కౌన్సెలింగ్‌లోనూ మాస్టర్స్ ఉంది. సొంత పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సిందే.

మీ తమ్ముడి సంగతి. అర్థం తేలని మార్పు ఆధారంగా చికిత్స నిర్ణయాలు తీసుకోరు, మీరూ తొందరపడొద్దు. కానీ ఆ రిపోర్టు భద్రంగా దాచండి. కొత్త ఆధారాలు వచ్చేకొద్దీ అదే డేటాను మళ్లీ విశ్లేషించి జవాబు కనుక్కున్న సందర్భాలున్నాయి. మీ అమ్మానాన్నల పరీక్ష జరిగిందా, రీఅనాలిసిస్ ఎప్పుడు చేయించవచ్చు, లాంగ్ రీడ్ అవసరమా అని వచ్చేసారి డాక్టర్‌ను కలిసినప్పుడు అడగండి.